సెమిస్టర్ అయిపోవస్తోంది: డ్రెస్డెన్ నుంచి హన్మకొండ వచ్చే ముందు ఏ పనులు ముందు చేసుకోవాలి?

సుబేదారి_అమ్మాయి
జులై 9, రాత్రి 10:20

అందరికీ నమస్తే. మాది హన్మకొండ, సుబేదారి. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతూ ఒక సెమిస్టర్ కోసం ఎక్స్ఛేంజ్ మీద జర్మనీ వచ్చాను. డ్రెస్డెన్‌లో స్టూడెంట్ హాస్టల్‌లో ఉంటున్నాను. ఏప్రిల్‌లో మొదలైన క్లాసులు వచ్చే వారంతో అయిపోతాయి, ఆ తర్వాత పరీక్షలు. ఆగస్టు రెండో వారంలో టికెట్ ఉంది.

పరీక్షల టెన్షన్ ఒకవైపు ఉంటే, రూమ్ ఖాళీ చేయడం, డిపాజిట్, బ్యాంకు, ఇన్సూరెన్స్, మార్కుల కాగితాలు ఇంకోవైపు. ఇక్కడ ఒక పేజీ లిస్టు ఇచ్చారు కానీ అందులో ఏది ముందు, ఏది తర్వాత అన్నది లేదు. ఇంట్లో నాన్న పరీక్ష అయిన మర్నాడే బయలుదేరమంటున్నారు. నాతో ఉన్నవాళ్ళు నాలుగు రోజులు తిరిగొద్దాం అంటున్నారు. నాకేమో ఈ ఊరు వదలాలంటే మనసు రావట్లేదు, అమ్మను ఎప్పుడు చూస్తానా అని కూడా ఉంది. రెండూ ఒకేసారి ఉంటాయని వచ్చేటప్పుడు అనుకోలేదు.

వెళ్ళి వచ్చినవాళ్ళు, పిల్లల్ని పంపినవాళ్ళు చెప్పండి. ఈ మిగిలిన రోజులు ఎలా వాడుకోవాలి?

కాజీపేట_జంక్షన్
జులై 9, రాత్రి 11:05

చెల్లె, నేను జర్మనీలోనే ఆఖెన్‌లో ఒక సెమిస్టర్ చేసి వచ్చాను. అక్కడ ఉండగా పది నిమిషాల్లో అయ్యే పని ఇక్కడికి వచ్చాక మూడు నెలలైనా తెమలదు. అక్కడ కౌంటర్ దగ్గర నిలబడి అడిగితే చేతికిచ్చే కాగితం కోసం ఇక్కడి నుంచి ఈమెయిల్ పెడితే, సెలవులో ఉన్నామని ఆటోమేటిక్ జవాబు వస్తుంది. ఆగస్టులో అక్కడ చాలామంది సెలవుల్లోనే ఉంటారు. కాబట్టి ఇంకొకరి సంతకం కావాల్సిన పనులు ముందు మొదలుపెట్టు. సూట్‌కేసు ఆఖరి రాత్రి అయినా సర్దుకోవచ్చు.

మొదట రూమ్ కాంట్రాక్టు తీసి ఆఖరి తేదీ ఏముందో చూడు. కాగితాల మీద ఈ సెమిస్టర్ సెప్టెంబర్ 30 దాకా ఉంటుంది, హాస్టల్ కాంట్రాక్టు కూడా అంతవరకే రాసి ఉండొచ్చు. నువ్వు ఆగస్టులో వెళ్తే మిగతా అద్దె సంగతి ఏమిటో, నీ బదులు ఇంకొకరిని చూపిస్తే ఒప్పుకుంటారో ఇప్పుడే అడుగు.

తర్వాతది సిటీ రిజిస్ట్రేషన్. వచ్చినప్పుడు అడ్రస్ నమోదు చేయించావు కదా, దేశం వదిలేటప్పుడు దాన్ని రద్దు చేయించాలి. అదే ఆబ్‌మెల్డుంగ్. వెళ్ళే తేదీకి వారం ముందు నుంచే తీసుకుంటారు, అంతకంటే ముందు వెళ్తే తిప్పి పంపుతారు. వెళ్ళాక రెండు వారాల దాకా గడువు ఉంటుంది. చాలా ఊళ్ళలో పోస్టులోనో ఈమెయిల్‌లోనో కూడా పంపొచ్చు. ఆ నిర్ధారణ కాగితం మాత్రం నీ చేతికి రావాలి. ఇన్సూరెన్స్ ఆపాలన్నా, టీవీ, రేడియో ఫీజు ఆపాలన్నా దాన్నే అడుగుతారు. ఆ ఫీజు నెలకు 18.36 యూరోలు, టీవీ లేకపోయినా ఇంటికి ఒకటి చొప్పున కట్టాల్సిందే. ఆపమని రాయకపోతే మనం వచ్చేసినా బిల్లు నడుస్తూనే ఉంటుంది.

నయీంనగర్_తమ్ముడు
జులై 9, రాత్రి 11:30

నేను అక్టోబర్‌లో వెళ్తున్నా. ఇంకా వీసానే రాలేదు కానీ ఈ థ్రెడ్ ఫాలో అవుతున్నా. అక్కా, వచ్చాక నీతో చాలా అడగాలి.

కరీంనగర్_మంకమ్మతోట
జులై 10, ఉదయం 7:45

కాజీపేట అన్న చెప్పినదానికి ఇంకొంచెం కలుపుతాను. నేను మాగ్డెబుర్గ్‌లో చదివాను.

చెల్లె, నీ క్లాసులు, పరీక్షలు ముగిసినంత మాత్రాన యూనివర్సిటీ లెక్కలో నువ్వు వెళ్ళిపోయినట్టు కాదు. పేరు తీసేయమని నువ్వు అప్లికేషన్ పెట్టాలి, లేకపోతే సెప్టెంబర్ 30 దాకా నువ్వు అక్కడి స్టూడెంట్‌వే. ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకుని ఉంటే ప్రీమియం కూడా అంతవరకు పడే ప్రమాదం ఉంది. పేరు తీసేసిన కాగితం, ఆబ్‌మెల్డుంగ్, ఫ్లైట్ టికెట్, మూడూ ఇన్సూరెన్స్ వాళ్ళకు పంపి, ఫలానా తేదీతో ముగిసిందని రాతపూర్వకంగా తెప్పించుకో. కానీ ముందు లైబ్రరీ పుస్తకాలు ఇచ్చేయి, గ్రేడ్లన్నీ ఎక్కాయో లేదో చూసుకో, ఆ తర్వాతే పేరు తీయించు. పేరు తీసేశాక స్టూడెంట్ లాగిన్ ఎప్పుడైనా మూతపడుతుంది. అందులో ఉన్న ప్రతి కాగితం ఈ వారమే డౌన్‌లోడ్ చేసి పెట్టుకో.

ఇక బ్యాంకు. అకౌంట్ మూయకు. డిపాజిట్ వెంటనే రాదు. హాస్టల్ వాళ్ళు కరెంటు, నీళ్ళ లెక్కలు చూసి వేయడానికి కొన్ని నెలలు పడుతుంది. వాపసు ఫారంలో ఐబ్యాన్, అంటే అక్కడి బ్యాంకు అకౌంట్‌కు ఉండే పొడుగు నంబర్ అడుగుతారు. మన దేశంలో బ్యాంకులకు ఐబ్యాన్ లేదు, మనకుండేది అకౌంట్ నంబర్, స్విఫ్ట్ కోడ్. ఇండియా అకౌంట్ ఇస్తే ఆ ఫారం ఎక్కడో ఆగిపోతుంది, మధ్యలో ట్రాన్స్‌ఫర్ చార్జీలు కూడా పోతాయి. అక్కడి అకౌంటే ఉంచుకుని, డిపాజిట్ పడ్డాక పంపించుకుని, అప్పుడు మూసేయి. అడ్రస్ హన్మకొండకు మార్చు. బ్యాంకు యాప్ జర్మనీ నంబర్‌కు ఓటీపీ పంపుతుంటే ఆ సిమ్ బతికి ఉండాలి, లేదంటే ఇప్పుడే వేరే పద్ధతికి మార్చుకో.

వీసా కోసం ముందే డబ్బు వేసి నెలనెలా కొంతే తీసుకోనిచ్చే బ్లాక్డ్ అకౌంట్‌లో ఇంకా డబ్బు మిగిలి ఉంటే దాని సంగతి వేరు. ముందుగా మూయాలంటే సాధారణంగా విదేశీయుల ఆఫీసు నుంచి కాగితం అడుగుతారు. ఆ ఆఫీసు అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద పని, కాబట్టి ఈ రోజే చూడు.

హంటర్‌రోడ్_నాన్న
జులై 10, ఉదయం 9:10

బిడ్డా, నేను మీ నాన్న వైపు మాట్లాడతాను. మా పెద్దమ్మాయి కూడా విదేశంలో చదివి వచ్చింది. ఆ నెలల్లో ఫోన్ మోగినప్పుడల్లా గుండె దడదడలాడేది. పరీక్షలు అయ్యాయంటే ఇక పిల్ల ఇంటికి రావడమే మిగిలింది అనుకుంటాం. అప్పుడు తిరగడానికి వెళ్తా అంటే, ఖర్చు సంగతి అటుంచు, పాస్‌పోర్టు పోతే ఎట్లా, రైలు తప్పితే ఎట్లా అని రాత్రుళ్ళు నిద్రపట్టదు. చదువు కోసం పంపాం, చదువు అయింది, రమ్మంటున్నాం. అందులో తప్పేమీ లేదు.

నక్కలగుట్ట_అమ్మ
జులై 10, మధ్యాహ్నం 2:15

అన్నయ్యగారూ, మీరన్నది నాకు అర్థమవుతుంది, నేనూ ఆ నిద్రలేని రాత్రులు చూశాను. కానీ మా అబ్బాయి ఫ్రాన్స్‌లో సెమిస్టర్ చేసి, పరీక్ష అయిన రెండో రోజే విమానం ఎక్కి వచ్చేశాడు. వచ్చాక చాలా రోజులు అదోలా ఉన్నాడు. మాట్లాడేవాడు, తినేవాడు, కానీ మనిషి ఇక్కడ లేడు. ఒకరోజు నేనే అడిగితే, "ఎవరికీ సరిగా చెప్పి రాలేదమ్మా" అన్నాడు. వాళ్ళ హాస్టల్‌లో ఊడ్చే ఒక పెద్దావిడ ఉండేదట. మనవాడికి జ్వరం వస్తే సూప్ తెచ్చి పెట్టింది. ఆమెకు కూడా చెప్పకుండా వచ్చేశాడు. ఆ సంగతి చెబుతుంటే వాడి గొంతు పూడుకుపోయింది.

అందుకే అంటున్నాను, ఊళ్ళు తిరగకపోయినా ఫరవాలేదు కానీ మనుషులకు చెప్పి రావడానికి రెండు మూడు రోజులు చేతిలో ఉంచుకో తల్లీ. మీ నాన్నకు అది చెప్పు, ఒప్పుకుంటారు.

సుబేదారి_అమ్మాయి
జులై 10, రాత్రి 9:50

అందరికీ చాలా థాంక్స్. ఈ రోజే హాస్టల్ ఆఫీసుకు వెళ్ళాను. కాంట్రాక్టు సెప్టెంబర్ 30 దాకానే ఉంది. కానీ ఆగస్టు 15 నుంచి ఎవరైనా వచ్చేవాళ్ళు ఉంటే పేరు మార్చి రాస్తామన్నారు. బెంగుళూరు నుంచి వచ్చిన ఒకమ్మాయికి సెప్టెంబర్ దాకా రూమ్ కావాలట, మాట్లాడుతున్నాను.

అమ్మగారూ, మీరు చెప్పింది చదివి మా ల్యాబ్‌లో ఒక సీనియర్ గుర్తొచ్చాడు. మొదట్లో నాకు ప్రతి మెషీన్ పక్కన నిలబడి నేర్పించాడు. ఆయనకు ఒకరోజు భోజనం పెట్టాలి అనుకుంటున్నాను.

వడ్డేపల్లి_మాస్టారు
జులై 11, ఉదయం 6:30

నేను రిటైర్డ్ అధ్యాపకుణ్ణి. కాలేజీలో ఎక్స్ఛేంజ్ పిల్లల క్రెడిట్ల వ్యవహారం కొన్నేళ్ళు చూశాను. అద్దె, సామాను సంగతి మీ అన్నలు, అక్కలు చెప్పారు. నేను మార్కుల గురించి చెబుతాను, ఎందుకంటే తిరిగి వచ్చాక ఎక్కువ మంది ఏడ్చేది దీని దగ్గరే.

అక్కడ క్రెడిట్లు ఈసీటీఎస్ అనే యూరప్ లెక్కలో ఉంటాయి. పూర్తి ఏడాదికి 60, సెమిస్టర్‌కు 30. ఒక్కో క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని, అందులో క్లాసు, సొంత చదువు, పరీక్షకు తయారవడం అన్నీ కలిసి ఉంటాయి. మన దగ్గర క్రెడిట్ ఎక్కువగా వారానికి క్లాసు గంటల మీద లెక్కిస్తారు. కాబట్టి అక్కడి ఆరు ఇక్కడి ఆరు కాదు. వెళ్ళేముందు సంతకాలు పెట్టిన లెర్నింగ్ అగ్రిమెంట్‌లో ఏ సబ్జెక్టుకు ఏది బదులు అని రాసుకున్నారో అదే మీకు ఆధారం. అక్కడికి వెళ్ళాక సబ్జెక్టు మార్చుకుని ఉంటే, ఆ మార్పు మీద ఇటు కాలేజీ, అటు యూనివర్సిటీ రెండింటి సంతకాలు ఉన్నాయా చూడమ్మా. లేకపోతే ఈ వారమే పెట్టించు.

రెండోది, గ్రేడు. అక్కడ 1.0 అన్నిటికంటే మంచిది, 4.0 పాస్, 5.0 ఫెయిల్. మన ఎగ్జామ్ బ్రాంచి బల్ల మీద 1.3 అని ఉన్న కాగితం పెడితే, పదికి 1.3 అనుకుని చూసేవాళ్ళు ఉంటారు. నిజానికి అది అక్కడ చాలా మంచి గ్రేడు. ట్రాన్స్‌క్రిప్ట్ ఆఫ్ రికార్డ్స్‌లో, అంటే వాళ్ళిచ్చే మార్కుల కాగితంలో, గ్రేడుల వివరణ అచ్చయి ఉండేటట్టు అడుగు. దాంతో పాటు ప్రతి సబ్జెక్టుకూ మాడ్యూల్ వివరం, అంటే సిలబస్, గంటలు, పరీక్ష విధానం ఉన్న పేజీ, పీడీఎఫ్‌గా దాచుకో. ఏడాది తర్వాత అదే పేజీ వెబ్‌సైటులో ఉండకపోవచ్చు.

మూడోది, ఏ సబ్జెక్టు గ్రేడు ఎప్పుడు వస్తుందో ప్రతి ప్రొఫెసర్‌నూ అడుగు. రాతపరీక్ష పేపర్లు దిద్దడానికి వారాలు పడుతుంది, నువ్వు వచ్చేశాక వచ్చే గ్రేడు కూడా ఒకటో రెండో ఉంటాయి. ఆ ట్రాన్స్‌క్రిప్ట్ నేరుగా మీ కాలేజీకి పంపేటట్టు ఎవరికి చెప్పాలో, ఆ మనిషి పేరు, ఈమెయిల్ రాసుకునిరా. "ఇంటర్నేషనల్ ఆఫీసు" అని కాదు, ఆ పని చేసే మనిషి.

ఇంకో మాట. పై చదువుకు సిఫారసు లెటర్ కావాలనుకుంటే ప్రొఫెసర్‌ను ఎదురుగా కలిసి అడుగు. నీ ముఖం, నీ పని గుర్తున్నప్పుడు రాసేదానికీ, రెండేళ్ళ తర్వాత ఈమెయిల్ చూసి రాసేదానికీ చాలా తేడా ఉంటుంది.

కాజీపేట_జంక్షన్
జులై 11, ఉదయం 8:00

మాస్టారూ, ఇది ప్రింటు తీసి ప్రతి కాలేజీ నోటీసు బోర్డులో పెట్టాలి. నాకు తెలిసిన ఒకబ్బాయికి ఒక్క సబ్జెక్టు సంతకం లేక ఇక్కడ ఆ సబ్జెక్టు మళ్ళీ రాయాల్సి వచ్చింది. అక్కడ మంచి గ్రేడు వచ్చినా సరే.

హన్మకొండ_చౌరస్తా
జులై 11, ఉదయం 11:20

ఒకవేళ పరీక్ష పోతే? మా చెల్లి కూడా అక్కడే ఉంది, ఒక పేపర్ మీద నమ్మకం లేదంటోంది.

కరీంనగర్_మంకమ్మతోట
జులై 11, మధ్యాహ్నం 1:05

మళ్ళీ రాసే అవకాశం మామూలుగా తర్వాతి పరీక్షల కాలంలో వస్తుంది, అప్పటికి తను ఇండియాలో ఉంటుంది. అందుకే రాయకముందే ప్రొఫెసర్‌ను అడగమను. ఎక్స్ఛేంజ్ పిల్లలకు కొందరు నోటి పరీక్ష పెడతారు, కొందరు ప్రాజెక్ట్ రిపోర్టు ఇస్తే ఒప్పుకుంటారు. పరీక్ష పోయాక అడిగితే ఆ దారి మూసుకుపోతుంది. ఇండియాలో ఆ సబ్జెక్టు ఎప్పుడు రాయవచ్చో కాలేజీలోనూ కనుక్కోండి, టెన్షన్ సగం తగ్గుతుంది.

మంచిర్యాల_టు_ఒహాయో
జులై 11, రాత్రి 10:40

అమెరికా వెళ్ళినవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి రాస్తున్నా. ఎక్స్ఛేంజ్ మీద జే-1 వీసాతో వచ్చినవాళ్ళకు ప్రోగ్రామ్ అయిపోయాక 30 రోజులు ఉంటాయి, సర్దుకోవడానికి, దేశంలో తిరగడానికి. పూర్తి డిగ్రీ చదవడానికి ఎఫ్-1 వీసాతో వచ్చినవాళ్ళకు 60. ఆ రోజుల్లో దేశం దాటి మెక్సికోకో కెనడాకో వెళ్తే అదే వీసా మీద తిరిగి లోపలికి రానివ్వరు. పని చేయడానికి కూడా ఆ రోజులు కుదరవు. రూమ్‌మేట్స్‌తో లీజు కలిపి రాసుకుని ఉంటే మీ పేరు తీసేసినట్టు కాగితం తీసుకోండి. లేకపోతే మీరు వచ్చేశాక వాళ్ళు కట్టని అద్దె మీ మీదకు వస్తుంది.

సుబేదారి_అమ్మాయి
జులై 14, రాత్రి 11:15

మాస్టారు గారూ, మీరు చెప్పిన సంతకం విషయం చూశాను. ఒక సబ్జెక్టు మార్పు మీద మన కాలేజీ సంతకం లేదు. ఈరోజే పంపించాను, రేపు వస్తుందన్నారు. మీ పోస్టు చదవకపోతే అది నా దృష్టికే వచ్చేది కాదు. చాలా కృతజ్ఞతలు.

సాయంత్రం లైబ్రరీ నుంచి నడుచుకుంటూ ఫ్రావెన్‌కిర్షె చర్చి దగ్గరకు వెళ్ళి కూర్చున్నాను. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి నాకు ఇష్టమైన చోటు అది. 1945 ఫిబ్రవరి బాంబు దాడుల్లో కూలిపోయి, ఎన్నో ఏళ్ళు రాళ్ళ గుట్టగానే ఉండిపోయింది. 1994లో మళ్ళీ కట్టడం మొదలుపెట్టి 2005లో తెరిచారు. పాత శిథిలాల్లోంచి ఏరిన దాదాపు 3,800 రాళ్ళను తిరిగి గోడల్లో పెట్టారు. కొత్త రాయి లేత పసుపులో ఉంటుంది, పాతది నల్లగా. గోడకు దగ్గరగా నిలబడితే ఒక నల్ల రాయి చుట్టూ నాలుగు తెల్లవి, మూలన ఇంకో నల్లది, ఇలా కనిపిస్తాయి. కొన్నిటి అంచులు విరిగే ఉన్నాయి, వాటిని అలాగే ఉంచేశారు. చేత్తో తాకితే కొత్త రాయి నున్నగా, పాతది గరుకుగా ఉంది.

నాకు మన వేయిస్తంభాల గుడి కళ్యాణమండపమే గుర్తొచ్చింది. మళ్ళీ కట్టడానికని విప్పిన ఆ రాళ్ళు చిన్నప్పటి నుంచి నంబర్లు వేసి పక్కన పేర్చి ఉండటమే చూశాను. నేను సివిల్ తీసుకోవడానికి అదొక కారణం. ఈ గోడ చూశాక ఈ పని మీదే చదవాలని గట్టిగా అనిపిస్తోంది.

పద్మాక్షి_గుట్ట
జులై 15, ఉదయం 7:10

చెల్లె, చాలా మంచి మాట. మా ఇల్లు గుడికి దగ్గరే. 2024 మార్చిలో మండపం తెరిచినప్పుడు మా తాతను తీసుకెళ్ళాం. ఒక్కో స్తంభం దగ్గర ఆగి నిమిరి చూశాడు. నువ్వు వచ్చాక ఆ గోడ ఫొటోలు, కొలతలు, వాళ్ళు రాళ్ళను ఎలా గుర్తుపట్టి పెట్టారో రాసిన కాగితాలు ఏమన్నా దొరికితే తీసుకురా. ఇక్కడ రామప్ప మీద, కోట మీద పని చేసే పిల్లలకు పనికొస్తాయి. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆ చదువు మీద ఆసక్తి పెరిగింది.

ఈ పని మీద చదువుతా అంటున్నావు కాబట్టి, మిగిలిన రోజుల్లో ఆ డిపార్ట్‌మెంటు వాళ్ళను ఒకసారి కలువు. ఊళ్ళు చూడటం కంటే అదే ముఖ్యం అని నా అభిప్రాయం.

వడ్డేపల్లి_మాస్టారు
జులై 15, ఉదయం 8:25

బాగా చెప్పావు బాబూ. అమ్మా, మాస్టర్స్‌కు మళ్ళీ అక్కడికే వెళ్ళాలనుకుంటే ఇప్పుడున్న అనుమతి పనికొస్తుందని అనుకోకు. ఆరు నెలలకు మించి దేశం బయట ఉంటే రెసిడెన్స్ పర్మిట్ రద్దయిపోతుంది. కొత్తగా వీసా, దానికి ఏపీఎస్ సర్టిఫికెట్, అంటే మన చదువు కాగితాలు అసలైనవేనని తనిఖీ చేసి ఇచ్చే పత్రం కావాలి. 2022 నవంబర్ నుంచి మన విద్యార్థులకు అది తప్పనిసరి చేశారు. ఇప్పటి ట్రాన్స్‌క్రిప్ట్ ఒరిజినల్ రెండు కాపీలు తెచ్చుకుంటే అప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

భీమారం_అక్క
జులై 17, రాత్రి 9:00

రూమ్ అప్పగించడం గురించి ఎవరూ వివరంగా రాయలేదు, నేను రాస్తాను. డబ్బు పోయేది అక్కడే.

అప్పగించే రోజు హాస్టల్ మనిషి ఒక ఫారం పట్టుకుని వచ్చి గోడలు, మంచం, కిచెన్, బాత్రూం చూస్తాడు. బాత్రూంలో కుళాయి మొదట్లో, షవర్ అద్దం మీద తెల్లటి సున్నపు మరకలు ఉంటాయి. అక్కడ చాలా ఊళ్ళలో నీళ్ళలో సున్నం ఎక్కువ. మామూలు సబ్బుతో అవి పోవు. వెనిగర్ కానీ, సూపర్ మార్కెట్లో దొరికే సున్నం మరకల ద్రావణం కానీ పోసి కాసేపు ఉంచి రుద్దాలి. ఫ్రిజ్ ముందు రోజే ఆపేసి మంచు కరగనివ్వు, కింద బట్ట వేయి. ఓవెన్ లోపల, పొయ్యి పైన ఉండే చిమ్నీ జాలీ చూడు. మన పోపుల నూనె అంతా ఆ జాలీలోనే ఉంటుంది. మా ఫ్రెండ్ దగ్గర ఆ ఒక్క జాలీకి క్లీనింగ్ చార్జీ పట్టుకున్నారు.

నువ్వు చేరినప్పుడు రాసిన ఫారం కాపీ పక్కన పెట్టుకో. అప్పటికే ఉన్న గీతలు, మచ్చలు అందులో ఉంటే నీ మీద వేయలేరు. తుడిచాక ప్రతి మూలా ఫొటో, వీడియో తియ్యి. ఇద్దరి సంతకాలతో ఫారం కాపీ తీసుకోకుండా తాళం ఇవ్వకు. ఆదివారం దాదాపు అన్ని షాపులూ మూసి ఉంటాయి, క్లీనింగ్ సామాను శనివారమే తెచ్చుకో. మూలన పోగైన ఖాళీ సీసాలు, డబ్బాలు షాపు మెషీన్లో వేసేయి. ప్లాస్టిక్ సీసాకు 25 సెంట్లు వస్తాయి, నా చివరి వారం కూరగాయలు ఆ డబ్బుతోనే వచ్చాయి.

ట్రైన్ టికెట్ నెలవారీ సబ్‌స్క్రిప్షన్ ఉంటే ఈ నెలతో ఆపాలంటే ఈ నెల 10 లోపే చెప్పాలి. జులై 10 దాటింది కాబట్టి ఆగస్టు దాకా నీకు ఉంటుంది, దాన్ని ఆగస్టు 10 లోపు ఆపేయి.

సుబేదారి_అమ్మాయి
జులై 17, రాత్రి 10:30

అక్కా, చిమ్నీ జాలీ సంగతి నా బుర్రలోనే లేదు. ఇప్పుడే తీసి చూశాను. నిజంగానే జిగురుగా ఉంది, వేడినీళ్ళలో నానబెట్టాను.

ఒక ప్రశ్న. సామాను ఎలా? విమానంలో 23 కిలోల సూట్‌కేసు ఒకటి, చేతి బ్యాగు. పుస్తకాలు, చలి కోటు ఉన్నాయి. ఇంటి నుంచి అమ్మ ఇచ్చి పంపిన ప్రెషర్ కుక్కర్ కూడా.

భీమారం_అక్క
జులై 17, రాత్రి 10:50

కుక్కర్ తేవొద్దు, వచ్చే బ్యాచ్‌కు ఇచ్చేయి. అక్కడ తెలుగు పిల్లల మధ్య కుక్కర్, ఇడ్లీ ప్లేట్లు, మిక్సీ ఇలాగే చేతులు మారతాయి. కోటు వేసుకుని ఎక్కు, జేబుల్లో చిన్న బరువులు పెట్టుకోవచ్చు. పవర్ బ్యాంక్ చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టనివ్వరు, చేతి బ్యాగులో ఉండాలి. ఒరిజినల్ కాగితాలన్నీ కూడా చేతి బ్యాగులోనే, సూట్‌కేసు రాకపోయినా అవి నీ దగ్గర ఉంటాయి.

హంటర్‌రోడ్_నాన్న
జులై 18, ఉదయం 9:30

ఇదంతా చదివాక నాకు కూడా కొన్ని సంగతులు తెలిశాయి. పిల్ల పరీక్ష అయిన మర్నాడే రాలేదంటే దాని వెనుక ఇంత పని ఉంటుందని మాకు ఎవరూ చెప్పలేదు. బిడ్డా, ఈ థ్రెడ్ మీ నాన్నకు చూపించు. తిరగడం మాత్రం ఒక్కదానివే వద్దు, నలుగురితో కలిసి వెళ్ళు, రాత్రికి ఏ ఊళ్ళో ఉన్నావో ఒక మెసేజ్ పెట్టు.

కాజీపేట_జంక్షన్
జులై 18, ఉదయం 10:15

అంకుల్, దూరం వెళ్ళాల్సిన పని కూడా లేదు. డ్రెస్డెన్ నుంచి ఎల్బె నది పక్కనే లోకల్ రైలులో రాథెన్ దాకా వెళ్తే బాస్టై కొండలు, రాతి వంతెన ఉన్నాయి. తన నెలవారీ టికెట్ దానికి చెల్లుతుంది, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు. ప్రాగ్ కూడా రైల్లో రెండున్నర గంటలే, కాకపోతే దానికి వేరే టికెట్ కొనాలి, పాస్‌పోర్టు దగ్గర ఉండాలి. వీసా మీద ఉన్న ఆఖరి తేదీ దాటకుండా చూసుకో చెల్లె, అన్నిటికంటే అది ముఖ్యం.

జనగామ_రోడ్
జులై 20, సాయంత్రం 6:40

ఎయిర్‌పోర్టుకు వెళ్ళేవాళ్ళకు ఒక మాట. యూరప్ నుంచి వచ్చే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే దిగుతాయి. శంషాబాద్ నుంచి ఔటర్ మీద ఘట్‌కేసర్, భువనగిరి, ఆలేరు, జనగామ మీదుగా హన్మకొండకు మూడు గంటలకు పైనే. తెల్లవారుజామున ఆ రోడ్డు మీద నిద్ర ముంచుకొస్తుంది. పగలంతా పని చేసిన మనిషి అదే రాత్రి బండి నడపొద్దు. డ్రైవర్‌ను పెట్టుకోండి, లేదా హైదరాబాద్‌లో చుట్టాల ఇంట్లో తెల్లారేదాకా ఆగండి. ఒక్కరే వస్తుంటే ఎయిర్‌పోర్టు నుంచి పుష్పక్ బస్సులో ఉప్పల్ వచ్చి, అక్కడ హన్మకొండ బస్సు పట్టుకోవచ్చు.

నక్కలగుట్ట_అమ్మ
జులై 20, రాత్రి 8:30

పిల్ల వచ్చిన రోజే చుట్టాలను పిలవొద్దని మీ అమ్మకు చెప్పు తల్లీ. రెండు రోజులు పడుకోనివ్వాలి. మా వాడికి వచ్చిన మర్నాడే ఇంటినిండా జనం, అందరూ "ఏం తెచ్చావు" అనే. ఏం నేర్చుకున్నావని ఒక్కరూ అడగలేదు.

సుబేదారి_అమ్మాయి
ఆగస్టు 16, ఉదయం 11:00

ఇంటికి వచ్చేశాను. ఎవరైనా తర్వాత చదివితే పనికొస్తుందని ఏం జరిగిందో రాస్తున్నా.

రూమ్ బెంగుళూరు అమ్మాయి పేరు మీదకు మారింది, సెప్టెంబర్ అద్దె తప్పింది. అప్పగింతలో ఏమీ పట్టుకోలేదు, హాస్టల్ మనిషి జాలీ తీసి చూశాడు, తల ఊపాడు. ఆబ్‌మెల్డుంగ్ కాగితం ఈమెయిల్‌లోనే వచ్చింది. దాన్ని ఇన్సూరెన్స్‌కు, టీవీ ఫీజు ఆఫీసుకు పంపాను. ఇన్సూరెన్స్ నుంచి జవాబు వచ్చింది, రెండోది ఇంకా రావాలి. డిపాజిట్ పడేదాకా బ్యాంకు అకౌంట్ తెరిచే ఉంచాను. ఒక సబ్జెక్టు గ్రేడు సెప్టెంబర్‌లో వస్తుంది, అది పంపే ఆవిడను ఎదురుగా కలిసి మన కాలేజీ అడ్రస్ రాసి ఇచ్చి వచ్చాను.

నాన్న ఈ థ్రెడ్ మొత్తం చదివి, టికెట్ మార్చమని మళ్ళీ అడగలేదు. బాస్టై వెళ్ళొచ్చాం. ల్యాబ్ సీనియర్‌కు పప్పుచారు, బెండకాయ వేపుడు చేసి పెట్టాను, కారం సగమే వేసినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా రెండోసారి వడ్డించుకున్నాడు. కట్టడాల పరిరక్షణ చెప్పే ప్రొఫెసర్ అరగంట మాట్లాడారు. ఆ చర్చి రాళ్ళను ఎలా గుర్తించారో వివరించే రిపోర్టు ఒకటి ఇచ్చారు. పద్మాక్షి గుట్ట అన్నా, అది మీకు పంపుతాను, భాష జర్మనే కానీ బొమ్మలు చాలా ఉన్నాయి.

నయీంనగర్_తమ్ముడు
ఆగస్టు 16, మధ్యాహ్నం 12:10

వెల్కమ్ అక్కా! నాకు వీసా వచ్చింది, డ్రెస్డెనే. కుక్కర్ ఎవరికైనా ఇచ్చేశావా?

సుబేదారి_అమ్మాయి
ఆగస్టు 16, మధ్యాహ్నం 12:25

లేదు తమ్ముడూ, మా హాస్టల్‌లో బెంగుళూరు అమ్మాయి దగ్గర ఉంచాను. ఇడ్లీ ప్లేట్లు, రెండు దుప్పట్లు కూడా. తను సెప్టెంబర్ ఆఖరున ఖాళీ చేస్తుంది, నువ్వు అక్టోబర్ మొదట్లో వస్తావు కాబట్టి మధ్యలో వాటిని పెట్టడానికి ఇంకో ఇల్లు చూడాలి. ఈ వారం అడుగుతాను. కుక్కర్ గాస్కెట్ పాతబడింది, చౌరస్తాలో కొత్తది కొని నీతో తీసుకెళ్ళు, ఐదు లీటర్లది. నీ లెర్నింగ్ అగ్రిమెంట్ ఒకసారి నాకు పంపు, సంతకాలు చూద్దాం.